కాక్‌పిట్ ఫైబర్ భాగాలు చెడితే: లక్షణం ఒక చోట, కారణం మరో చోట

ఏఎస్‌కే 21 అనే గ్లైడర్ (ఇంజిన్ లేకుండా తేలే విమానం) రెక్కల పొడవు 17 మీటర్లు. దాన్ని 1:3లో కడితే 5.67 మీటర్ల మోడల్ అవుతుంది. ఆ సైజులో కెనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) కింద ఏముందో పది అడుగుల దూరం నుంచి కూడా కనిపిస్తుంది. అందుకే సీటు తొట్టి, ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ మీది గొడుగు, కెనోపీ ఫ్రేమ్ చాలామంది గాజు గుడ్డ, రెజిన్‌తో అచ్చు మీద సొంతంగా చేసుకుంటారు. ఈ మూడింట్లో సాధారణంగా వచ్చే లోపాలు, వాటి మూలాలు, మందులు ఇక్కడ ఉన్నాయి. చాలా లోపాల్లో తప్పు జరిగేది ఒక దశలో, బయటపడేది రెండు దశల తర్వాత. కాబట్టి లోపం కనిపించిన చోట ఇంకో పొర గుడ్డ వేసి కప్పెయ్యడం దాదాపు ఎప్పుడూ తప్పు నిర్ణయమే.

ముందు లెక్క

లోపాన్ని పోల్చి చూడాలంటే సరైన భాగం ఎలా ఉండాలో తెలియాలి. సీటు తొట్టికైనా గొడుగుకైనా బయటివైపు 49 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని) గాజు గుడ్డ ఒక పొర, దాని వెనక 163 జీఎస్‌ఎం ట్విల్ (ఏటవాలు నేత గుడ్డ) రెండు పొరలు చాలు. మందం సుమారు 0.4 మి.మీ. వస్తుంది. ఒక్కో సీటు తొట్టి ఉపరితలం పావు చదరపు మీటరు అనుకుంటే గుడ్డ 95 గ్రాములు, రెజిన్ కూడా అంతే, మొత్తం 190 గ్రాముల దగ్గర తేలాలి. కాటా మీద 280 గ్రాములు చూపిస్తే రెజిన్ ఎక్కువ తాగించినట్టు. 150 చూపిస్తే ఎక్కడో గుడ్డ ఎండిపోయి ఉందని అర్థం. గ్లైడర్ ముక్కులో ఎలాగూ సీసం పెట్టాల్సి వస్తుంది కదా, బరువుతో ఏం పనని కొందరంటారు. నిజమే, కానీ ఎక్కువైన రెజిన్ బలాన్నివ్వదు, పెళుసుతనాన్నిస్తుంది.

రెజిన్ విషయంలో ఇక్కడి దుకాణాల్లో సులువుగా దొరికే ఎపాక్సీ ఎల్‌వై 556, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ హెచ్‌వై 951. బరువు ప్రకారం 100కి 10. విమాన మోడళ్లవాళ్లు వాడే ఎల్ 285 రెజిన్ అయితే బరువు ప్రకారం 100కి 40. ఏది వాడినా డబ్బా మీద ఉన్న నిష్పత్తే ప్రమాణం.

రాత్రి వేసింది పొద్దునకీ జిగురుగానే ఉంది

ముందు వేలితో కాదు, గోటితో నొక్కి చూడండి. మూడు రకాల జిగట ఉంటుంది, మూడింటికీ మందు వేరు.

భాగమంతా ఒకే తీరుగా మెత్తగా, గోరు దిగేలా ఉంటే నిష్పత్తి తప్పింది. చిన్న భాగాలకు కలిపేది 30 గ్రాముల రెజిన్, 3 గ్రాముల హార్డెనర్. వంటింటి కాటా ఒక్కో గ్రాము లెక్కన చూపిస్తుంది. దాని మీద 3 అని కనిపించినప్పుడు నిజంగా ఉన్నది 2.5 కావచ్చు, 3.5 కావచ్చు. అంటే ఆరో వంతు తేడా. 0.1 గ్రాము చూపించే కాటా లేకుండా ఈ పని మొదలెట్టొద్దు. సిరంజితో కొలిచేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. 100కి 10 అన్నది బరువు లెక్క. హార్డెనర్ రెజిన్ కంటే తేలిక కాబట్టి అదే అంకెను మిల్లీలీటర్లలో కొలిస్తే హార్డెనర్ మళ్లీ ఆరో వంతు తగ్గిపోతుంది.

త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఇంకాస్త పోసేవాళ్లూ ఉన్నారు. పాలిస్టర్ అనే ఇంకో రకం రెజిన్‌లో క్యాటలిస్ట్ (దాన్ని గట్టిపరిచే మందు) కొంచెం పెంచితే వేగం పెరుగుతుంది, ఆ అలవాటే ఇక్కడికి వస్తుంది. ఎపాక్సీలో హార్డెనర్ వేగం పెంచే మందు కాదు, గొలుసులో సగం. మిగిలిపోయిన హార్డెనర్ లోపలే ఉండిపోయి భాగాన్ని మెత్తబరుస్తుంది. ఇలా నిష్పత్తి తప్పిన భాగాన్ని కాపాడే మార్గం లేదు. అచ్చు మీద నుంచి ఒలిచి, అసిటోన్‌తో అచ్చు తుడిచి, మైనం మొదటి నుంచి వేయాలి.

మచ్చలు మచ్చలుగా జిగట ఉంటే అది సరిగ్గా కలపకపోవడం. గిన్నె అంచులకూ అడుగుకూ అంటుకున్న రెజిన్‌కు హార్డెనర్ అందదు. కలపడం మొదలెట్టిన గిన్నెలోంచి నేరుగా బ్రష్‌తో తీసుకోవద్దు. రెండు నిమిషాలు కలిపి, అంచులు గీకి, రెండో గిన్నెలోకి వంచి ఇంకో నిమిషం కలపండి. మచ్చలు చిన్నవైతే మెత్తని చోటంతా గట్టి భాగం తగిలేదాకా చెక్కి, అక్కడ కొత్త గుడ్డ అతకవచ్చు.

గోరు దిగదు, కానీ పైన నూనె రాసినట్టు జారుడుగా ఉందా? అది రెజిన్ లోపం కాదు. అమైన్ హార్డెనర్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పరిచిన పొర. విశాఖ, కాకినాడ వైపు వానాకాలం రాత్రుళ్లు ఇది మామూలే. దీన్ని థిన్నర్‌తో తుడిస్తే పొర పోదు, పులుముకుంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే పచ్చ పీచు, అంతే. ఆరాక 240 నంబరు ఉప్పు కాగితం కొట్టాలి. కడగకుండా కాగితం కొడితే ఆ మైనం లాంటి పొర గీతల్లోకి దిగి, తర్వాత రంగు నిలవదు. పైన పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచేసే గుడ్డ) వేసి లామినేట్ చేస్తే, అంటే రెజిన్‌తో గుడ్డ పొరలు పరిస్తే, ఈ బాధంతా ఆ గుడ్డతోనే ఊడి వచ్చేస్తుంది.

గిన్నెలోనే పొగ వచ్చింది

కలిపిన రెజిన్ లోతైన గిన్నెలో ఉండిపోయింది. ఎపాక్సీ గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడే దాన్ని ఇంకా వేగంగా గట్టిపరుస్తుంది. వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసుకోండి. మే నెల మధ్యాహ్నం 50 గ్రాములకు మించి ఒకేసారి కలపొద్దు. పొగలు కక్కుతున్న గిన్నెను బయట పెట్టండి, వంగి వాసన చూడకండి.

భాగం అచ్చు వదలడం లేదు

బలం పెట్టే ముందు కారణం ఊహించండి. కొత్త అచ్చు మీద మైనం ఒకటి రెండు చేతులే పట్టించారా? కనీసం ఆరు చేతులు కావాలి, ఒక్కోదానికీ మధ్య గంటసేపు ఆరనివ్వాలి. పైన పీవీఏ (భాగం అచ్చుకు అంటకుండా పల్చని పొర కట్టే ద్రవం) పల్చగా కొట్టాలి. పీవీఏ చుక్కలు చుక్కలుగా విడిపోయి చేప కళ్లలా కనిపించిందంటే ఆ మైనంలో సిలికోన్ ఉంది. కారు షాపుల్లో దొరికే మెరుపు పాలిష్‌లతో వచ్చే గొడవ ఇదే. సిలికోన్ లేని కార్నౌబా మైనం అడిగి తీసుకోవాలి.

మైనం సరిగ్గా ఉండీ ఊడకపోతే ఆకారమే పట్టేసింది. సీటు తొట్టి గోడలు నిట్టనిలువుగా ఉంటే లోపల గాలి చొరబడదు. గోడకు రెండు మూడు డిగ్రీల వాలు ఉండాలి. పైలట్ మోచేతి దగ్గర గోడ లోపలికి వంగే చోట వాలు తిరగబడుతుంది. అక్కడ అచ్చు రెండు ముక్కలుగా ఉండాల్సిందే.

ఇప్పటికే ఇరుక్కున్న భాగాన్ని తీయాలంటే అంచు చుట్టూ పల్చని ప్లాస్టిక్ చీలికలు దోపి, సందులోకి గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట ఆగండి. పీవీఏ నీళ్లలో కరుగుతుంది. తర్వాత అదే సందులోకి గాలి కొట్టండి. స్క్రూడ్రైవర్‌తో తిప్పితే భాగం పోతుంది, అచ్చూ పోతుంది.

మూలల్లో గుడ్డ లేచి, కింద తెల్లగా గాలి

తొట్టి గోడ నేలను కలిసే చోట, గొడుగు ముందంచు మడత దగ్గర ఇది వస్తుంది. గాజు పోగు వంగడానికి ఇష్టపడదు. 163 జీఎస్‌ఎం గుడ్డను 1 మి.మీ. వ్యాసార్థం ఉన్న పదునైన మూలలోకి తోస్తే, రెజిన్ తడిగా ఉన్నంతసేపు పడుకుంటుంది, మీరు వెనక్కి తిరగగానే నెమ్మదిగా లేస్తుంది. లామినేట్ చేసిన అరగంటకు మళ్లీ వచ్చి ఆ మూలలు బ్రష్ కొసతో పొడవాలి. ఈ ఒక్క పని చేయకే ఎక్కువ భాగాలు చెడతాయి.

అసలు మందు నమూనా (అచ్చు తీయడానికి చేసే మూల రూపం) దశలోనే ఉంది. లోపలి మూలలన్నీ కనీసం 3 మి.మీ. వ్యాసార్థానికి లప్పంతో గుండ్రం చేయండి. అసలు విమానంలో అక్కడ పదునైన మూల ఉందా? 1:3లో అసలు 9 మి.మీ. గుండ్రమే 3 మి.మీ. అవుతుంది, ఎవరూ తేడా పట్టలేరు. గుండ్రం కుదరని చోట గుడ్డకు ముందే రెజిన్‌లో పత్తి ఫ్లాక్ (పత్తి నూగు), కొంచెం ఏరోసిల్ (చిక్కబరిచే సన్నని సిలికా పొడి) కలిపి, వేరుశనగ ముద్దలా చేసి మూలలో సన్నని వత్తిలా పరవండి. గుడ్డ దాని మీద హాయిగా పడుకుంటుంది. గుడ్డను నేతకు 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరిస్తే రెండు వైపుల వంపుకూ లొంగుతుంది. నేత వెంబడి కత్తిరించిన ముక్క మొండికేస్తుంది.

గాలి బుడగ ఇప్పటికే గట్టిపడిపోతే రూపాయి బిళ్ల కంటే చిన్నదాన్ని రెండు చోట్ల 1 మి.మీ. డ్రిల్ చేసి, ఒక రంధ్రంలో సిరంజితో పల్చని రెజిన్ ఎక్కించండి, రెండో దాంట్లోంచి బయటికి వచ్చేదాకా. ఒకే రంధ్రం చేస్తే లోపలి గాలి ఎక్కడికీ పోదు, రెజిన్ ఎక్కదు. అంతకంటే పెద్ద బుడగైతే కోసి తీసేయడమే.

పైన సూది బెజ్జాలు

బెజ్జాలు రంగు వేశాకే కనిపిస్తాయి, అదే వీటితో తంటా. మూలం సాధారణంగా వేడిలో ఉంటుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు లామినేట్ చేసి, పనయ్యాక ఎండలో పెడితే గుడ్డలో చిక్కిన గాలి ఉబ్బి పైకి వస్తుంది. గట్టిపడుతున్న రెజిన్ దాన్ని దారి మధ్యలో పట్టేస్తుంది. సాయంత్రం, ఉష్ణోగ్రత దిగుతున్నప్పుడు వేస్తే గాలి కుంచించుకుని రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. రెండో మూలం, మొదటి పొర గుడ్డను పొడి అచ్చు మీద వేయడం. ముందు అచ్చుకు రెజిన్ పూయాలి, గుడ్డ కింద నుంచి తడవాలి.

ఉన్న బెజ్జాలకు స్ప్రే ప్రైమర్ పనిచేయదు, మూత వేస్తుందంతే, ఎండలో అది మళ్లీ తెరుచుకుంటుంది. రెజిన్‌లో ఏరోసిల్ కలిపి ప్లాస్టిక్ కార్డుతో అడ్డంగా, నిలువుగా రెండు సార్లు గీరి నింపాలి.

ఎండకు నిలబెడితే గొడుగు కుంగింది, నేత బయటపడింది

తెలుగు నేల మీద పెద్ద మోడల్ ఎగరేసేవాళ్లు దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ, గట్టిపడిన ఉష్ణోగ్రత కంటే 20, 30 డిగ్రీలు ఎక్కువకు చేరితే మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే, మూసిన కెనోపీ కింద నల్లరంగు వేసిన గొడుగు 70 సులభంగా దాటుతుంది. సన్నటి 0.4 మి.మీ. భాగం దాని బరువుకే వంగుతుంది. నేత పైకి తేలడానికి కూడా ఇదే కారణం: అప్పటిదాకా పూర్తిగా గట్టిపడని రెజిన్ వేడికి మరికొంత గట్టిపడి కుంచించుకుంటుంది, గాజు పోగు కుంచించుకోదు, నేత గీతలు మిగులుతాయి.

మందు, భాగం అచ్చులో ఉండగానే వేడి పెట్టడం. థర్మోకోల్ పెట్టెలో 60 వాట్ల పాతకాలపు బల్బు, లోపల ఒక థర్మామీటరు పెట్టండి. బల్బు పెట్టె గోడకు తగలకూడదు, మధ్యలో వేలాడాలి. మనిషి లేకుండా వదిలేయకూడదు. గంటకు 10 డిగ్రీలకు మించకుండా పెంచుతూ 50, 55 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 గంటలు ఉంచి, అంతే నెమ్మదిగా చల్లారనివ్వండి. అచ్చులోంచి తీశాక వేడి పెడితే భాగం తనకు నచ్చిన ఆకారంలో స్థిరపడుతుంది. 3డి ప్రింటర్‌తో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో చేసిన అచ్చుకు ఈ వేడి పనికిరాదు. పీఎల్‌ఏ 60 దగ్గరే మెత్తబడుతుంది, 50లోనే పల్చని గోడలు వంగుతాయి. అలాంటి అచ్చయితే 40 దాటకుండా రెండు రోజులు ఉంచడమే మార్గం.

కుంగిపోయిన గొడుగును హీట్ గన్‌తో మెత్తబరిచి, అచ్చు మీద కట్టి, పైన చెప్పిన వేడి పూర్తిగా పెడితే చాలాసార్లు మళ్లీ దారికి వస్తుంది. తర్వాత నలుపు వదిలి లేత బూడిద రంగు వేయండి. అసలు ఫైబర్‌గ్లాస్ గ్లైడర్లు, 1957లో ఎగిరిన మొట్టమొదటి ఎఫ్‌ఎస్ 24 ఫీనిక్స్ తర్వాత వచ్చిన తరాలన్నీ దాదాపు తెల్లగానే ఉండటానికి కారణం ఇదే, రెజిన్‌ను చల్లగా ఉంచడం. మైదానంలో మోడల్ నిలబెట్టినప్పుడు కెనోపీ మీద తెల్లగుడ్డ కప్పండి. తెరిచి ఉంచిన కెనోపీ భూతద్దంలా ఎండను ఒక చోటికి చేర్చి సీటు గుడ్డను కాల్చగలదు.

అచ్చులోంచి తీయగానే, ఎండా గిండా తగలకుండానే మెలి తిరిగితే పొరల వరస చూడండి. ఒక వైపు 49, ఇంకో వైపు 163 ఉండటం వల్ల పెద్ద నష్టం రాదు. ఒక పొర నేరుగా, ఇంకోటి ఏటవాలుగా ఉండి, మూడోది లేకపోతే మెలి వస్తుంది. రెండు 163 పొరలూ ఒకే దిక్కున ఉంచండి. ఇంకో కారణం తొందర: 24 గంటలకు ముందు తీయవద్దు.

ఫోమ్ కరిగింది, మ్యాట్ తడవలేదు

రెండూ ఒకే గందరగోళం. విగ్రహాలు, బోర్డులు చేసే ఫైబర్ షాపుల్లో పాలిస్టర్ రెజిన్, 300 లేదా 450 జీఎస్‌ఎం మ్యాట్ (నేయకుండా జిగురుతో అతికిన గాజు పోగులు) దొరుకుతాయి. పాలిస్టర్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ను నీళ్లలో బెల్లంలా కరిగిస్తుంది. థర్మోకోల్ నమూనా మీద ఎపాక్సీ మాత్రమే వేయాలి, లేదా నమూనాకు బ్రౌన్ టేప్ సందు లేకుండా చుట్టాలి. ఇక ఆ మ్యాట్‌లోని జిగురు స్టైరీన్‌లో కరగడానికి చేసింది. ఎపాక్సీలో అది కరగదు, మ్యాట్ గడ్డి కట్టలా బిర్రుగా ఉంటుంది. ఎపాక్సీకి నేసిన గుడ్డే.

గట్టిపడిన ఎపాక్సీ మీద పాలిస్టర్ లప్పం వేస్తే పెచ్చులుగా లేస్తుంది. గట్టిపడిన పాలిస్టర్ మీద, బాగా గరుకు చేశాక, ఎపాక్సీ పట్టుకుంటుంది. పాలిస్టర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: కోబాల్ట్‌నూ (గట్టిపడటాన్ని వేగిరపరిచే ద్రవం) క్యాటలిస్ట్‌నూ నేరుగా కలపొద్దు, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్ట్.

కెనోపీ ఫ్రేమ్ ఒక మూల లేచి నిలుస్తోంది

ఈ పనిలో అన్నిటికంటే ఓపిక కోరేది ఇదే. ఫ్రేమ్ మూడు మూలలు కూర్చుని నాలుగోది 2 మి.మీ. లేచిందంటే అందరూ ఫ్రేమ్‌నే అనుమానిస్తారు. ముందు ఫ్యూజలాజ్‌ను (మోడల్ మొండెం) చూడండి. కాక్‌పిట్ కోసం పైన అంత పెద్ద రంధ్రం కోశాక పక్క గోడలు స్వేచ్ఛగా లోపలికి, బయటికి ఊగుతాయి. బల్ల మీద ఒక తీరుగా, రెక్కలు బిగించాక మరో తీరుగా ఉంటాయి. ఫ్రేమ్ లామినేట్ చేసేటప్పుడు గోడల మధ్య సరైన వెడల్పుకు కోసిన చెక్క పుల్లలు రెండు మూడు చోట్ల అడ్డం పెట్టి, రెక్కలు బిగించే రాడ్ కూడా దాని చోట ఉంచి పని చేయాలి.

అంచు మీద బ్రౌన్ టేప్ రెండు పొరలు అంటించి పైన మైనం పట్టించండి. ఆ రెండు పొరల మందం, తర్వాత వేసే రంగుకు చోటు. ఒక పొరే వేసినవాళ్లకు రంగు వేశాక ఫ్రేమ్ బిగుసుకుంటుంది, ఆ తర్వాత లోపలి నుంచి గీకుతూ కూర్చోవాలి. టేప్ మీద 10 నుంచి 12 మి.మీ. వెడల్పు 163 జీఎస్‌ఎం పట్టీలు ఆరు పొరలు పరవండి. కీళ్లు, తాళం దగ్గర ఇంకో మూడు. అన్ని పట్టీలూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగిస్తే అక్కడే విరుగుతుంది. అతుకులు చుట్టూ చెదరగొట్టాలి.

ఫ్రేమ్ సరిగ్గా వచ్చినా కెనోపీ అంటించాక మెలి తిరిగిందా? ఫ్రేమ్‌ను ఊడదీసి బల్ల మీద పెట్టి అంటించారు. ఫ్రేమ్ ఒక్కటే కొంచెం వంగగలదు, కెనోపీ కూడా వంగగలదు, రెండూ అతుక్కున్నాక అతికిన తీరే శాశ్వతం. ఫ్రేమ్ ఫ్యూజలాజ్ మీద దాని చోట ఉండగానే కెనోపీ అంటించాలి, మాస్కింగ్ టేప్‌తో ప్రతి 5 సెం.మీ.కు బిగించి.

కొన్ని వారాల తర్వాత కెనోపీ అంచున వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తే జిగురు తప్పు. కెనోపీకి వాడే పీఈటీజీ ప్లాస్టిక్ గానీ యాక్రిలిక్ గానీ ఫైబర్‌గ్లాస్ కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 700 మి.మీ. కెనోపీ 30 డిగ్రీలు వేడెక్కితే ఫ్రేమ్‌కూ దానికీ సుమారు 1 మి.మీ. తేడా వస్తుంది. గట్టి ఎపాక్సీ ఆ మిల్లీమీటరుకు చోటివ్వదు, కాబట్టి కెనోపీయే పగలాలి, లేదా అతుకు ఊడాలి. ఆరాక కూడా కొంచెం సాగే కెనోపీ జిగురు గానీ, ఆమ్లం వాసన రాని సిలికోన్ గానీ వాడండి. ఒక జాగ్రత్త, సిలికోన్ తగిలిన చోట మళ్లీ రంగు పట్టదు, అందుకే రంగు పనంతా ముందే ముగించాలి. ఫెవిక్విక్ లాంటి సయనో జిగురు అంచున కూడా వద్దు, దాని ఆవిరి కెనోపీ లోపల తెల్లటి మసకలా పేరుకుంటుంది. అసిటోన్ యాక్రిలిక్‌ను క్షణాల్లో పగులుస్తుంది, శుభ్రం చేయడానికి సబ్బు నీళ్లే.

అంచు పగుళ్లను డ్రిల్‌తో చివర 1.5 మి.మీ. రంధ్రం చేసి ఆపవచ్చు, కానీ మాయం చేయలేరు. కెనోపీని మొదట 3 మి.మీ. ఎక్కువ ఉంచి కోసి, చివరి మిల్లీమీటరును ఆకురాయితో కాకుండా ఉప్పు కాగితం చుట్టిన చెక్కతో తీస్తే పగులు పుట్టే చోటే ఉండదు.

తొట్టి లోపలికి దిగదు

లామినేట్ బాగుంది, ఆకారం బాగుంది, కానీ కెనోపీ రంధ్రం కంటే తొట్టి వెడల్పు. ఏఎస్‌కే 21లో గోడలు అంచు కింద బొజ్జలా ఉబ్బుతాయి కాబట్టి ఇది సహజం. తొట్టిని నిలువునా మధ్యలో కోసి, ఒక సగానికి అడుగున 15 మి.మీ. పట్టీ అంటించి, లోపల రెండు 3 మి.మీ. స్క్రూలతో కలపండి. బ్యాటరీ, మోడల్‌ను లాగే తాడును వదిలే సర్వో (చిన్న మోటారు) తొట్టి కిందే ఉంటాయి, వాటి కోసం ఇదెలాగూ ఊడి రావాలి. ఎపాక్సీతో శాశ్వతంగా అంటించిన తొట్టిని మొదటి సర్వో చెడిన రోజున రంపంతో కోయాల్సి వస్తుంది.

ప్యానెల్ రంధ్రాలు చిట్లాయి

అసలు గ్లైడర్లలో ఇన్‌స్ట్రుమెంట్లు రెండు ప్రామాణిక సైజుల్లో ఉంటాయి, 57 మి.మీ., 80 మి.మీ. 1:3లో అవి 19, 26.7 మి.మీ. అవుతాయి. ట్విస్ట్ డ్రిల్‌తో ఈ సైజు రంధ్రం వేస్తే గాజు పోగులు వెనక వైపు చిట్లుతాయి. ప్యానెల్ వెనక చెక్క ముక్క బిగించి, చిన్న రంధ్రంతో మొదలెట్టి, స్టెప్ డ్రిల్‌తో పెంచి, చివరి 0.5 మి.మీ. గుండ్రని ఆకురాయితో తీయండి. చిట్లిన అంచుకు పల్చని రెజిన్ పూసి ఆరాక మళ్లీ తీస్తే సర్దుకుంటుంది. ధూళి గొంతులోకి పోకుండా మాస్కు, చేతులకు నైట్రైల్ గ్లవ్స్. ఎపాక్సీ అలర్జీ ఒకసారి పట్టుకుంటే వదలదు.

రంగు టేపుతో పాటు ఊడి వస్తోంది

పీవీఏ, మైనం మిగిలి ఉన్నాయి. వరస ముఖ్యం: మొదట నీళ్లతో పీవీఏ, తర్వాత మైనం తీసే ద్రావకంతో తుడుపు, ఆపైన 320 నంబరు వాటర్ పేపర్. కాగితం ముందు కొట్టి తర్వాత తుడిస్తే మైనం గీతల అడుగున కూర్చుంటుంది. ఊడిన రంగు మీద మళ్లీ రంగు వేయకండి, అతకని చోటంతా నీళ్ల కాగితంతో తీసేసి ఫైబర్ కనిపించాకే ప్రైమర్. కడిగిన భాగం మీద నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలిస్తే మైనం ఇంకా ఉంది, పల్చగా పరుచుకుంటే రంగు వేయొచ్చు.